చీకటి పీరియడ్

హబీబ్ మామూ మా ఇంటికి ఆపిల్ పళ్ళు పట్టుకొచ్చిన రోజే ఆయన చేత కన్నీళ్ళు పెట్టించాలని నిర్ణయించుకున్నాను. ఎలాగన్నది అప్పటికి తెలియదు. నాకు పదిహేడేళ్ళు. ఇంటర్ పరీక్షలు రాసేసి ఖాళీగా ఉన్నాను. పగ పెంచుకోవడానికి కావలసినంత తీరిక దొరికింది.

అది 1998 వేసవి. మేముండేది విజయవాడ వన్ టౌన్‌లో, ఎదురుగా తోపుడుబండి వస్తే మనిషి గోడకు అంటుకోవలసినంత ఇరుకు సందులో. మా అబ్బా లాల్ అహ్మద్ షట్టర్ల మెకానిక్. స్ప్రింగు తెగినా, పట్టీ వంగినా, గ్రీజు ఎండిపోయినా వన్ టౌన్ షాపుల వాళ్ళు ఆయనకే కబురు పంపేవారు. పొద్దున్నే వీధిలో షట్టర్లు లేస్తుంటే మంచం మీద నుంచే, "అది నూనె కొట్టు వాళ్ళది, కుడిపక్క గైడు అరిగింది" అని చెప్పేవాడు. వెళ్ళి చూస్తే నిజంగానే అరిగి ఉండేది.

మా ఆపా తబస్సుం నాకంటే ఆరేళ్ళు పెద్దది. హబీబ్ మామూ నైటీల కార్ఖానాలో కుట్టుపని చేసేది. మామూ అమ్మీకి దూరపు అన్న వరస. ఆయనకు ముందువైపు షాపు, వెనక సందులో కిటికీ లేని గోడౌన్ ఉండేవి. ఆ గోడౌన్‌లో మూడు మిషన్ల మీద ముగ్గురు కుట్టేవారు. ఆపా, తెరేసమ్మ, సింధూరి. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం గుడ్డపీలికల కుప్ప అంటుకుంది. మంట తక్కువ, పొగ ఎక్కువ. తెరేసమ్మ, సింధూరి చనిపోయారు. ఆపా షట్టర్ కింది అంచుకు ముఖం ఆనించి కూర్చుని ఉండగా దొరికింది. అదృష్టవంతురాలు, బతికిపోయింది అని అందరూ అన్నారు. ఆమెతో ఒకే గదిలో ఉండేదాన్ని కనుక నాకు మాత్రం అంత నమ్మకం కుదరలేదు.

అన్నం తినేది, జడ వేసుకునేది, పిలిస్తే పలికేది. ఉన్నట్టుండి వెళ్ళిపోయేది. మనిషి ఎదురుగానే ఉండేది, కళ్ళు తెరుచుకునే ఉండేవి, లోపల ఎవరూ ఉండేవారు కాదు. కాసేపటికి తిరిగి వచ్చి, చేటలో ఏరిన బియ్యం చూసి, "ఇవి నేనే ఏరానా జుబీ?" అని అడిగేది. ఒకసారి తన చేతులు రెండూ ముందుకు చాపి, "ఇవి ఎవరివో తగిలించుకున్నట్టుందే" అంది. నాకు భయం వేసి, నీ చేతులే, పిచ్చిదానా, అని కసిరాను.

ఏప్రిల్‌లో ఏదో పార్టీ వాళ్ళు బంద్ చేశారు. పొద్దున పదింటికి వీధి చివర అరుపులు వినపడ్డాయి. మరుక్షణం వీధిలోని షట్టర్లన్నీ ధడధడమంటూ దిగాయి. ఆపా వాకిట్లో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తి కింద పెట్టింది. కాళ్ళు ముడుచుకుంది. దుపట్టా అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుని, చూపుడువేలు పెదాల మీద ఆనించి, అలాగే ఉండిపోయింది. పిలిచాను, గిల్లాను, ముఖాన నీళ్ళు కొట్టాను. రెప్ప కూడా కదల్లేదు. ఎదురింటి బుల్లెమ్మ గారు తలుపు సందులోంచి చూసి, "గాలి సోకిందమ్మా, ఆలస్యం చెయ్యొద్దు" అన్నారు. ఆవిడ మంచిదే. కాకపోతే సాయంత్రానికి ఆ మాట వీధంతా పాకింది.

మర్నాడే ఆపిల్ పళ్ళు వచ్చాయి.

"చూడు జరీనా, జరిగింది జరిగిపోయింది" అన్నాడు మామూ అమ్మీతో, కుర్చీలో తీరిగ్గా కూర్చుని. "స్ప్రింగు పట్టేసి షట్టర్ ఇరుక్కుపోయింది. నేను లాగుతానే ఉన్నా. పోలీసులకీ అదే చెప్పా. లాల్ అహ్మద్ భాయ్ బిగించిన షట్టర్ అయినా సరే, ఆయన్ని ఒక్క మాట అన్లా. మనోడు కదా."

ఒక్క మాట అనని మనిషి పోలీసుల కాగితం మీద అబ్బా పేరు రాయించాడు. ఆ నెలలోనే నాలుగు షాపుల వాళ్ళు వేరే మెకానిక్‌ను పిలిపించుకున్నారు. అబ్బా నేల చూస్తూ కూర్చున్నాడు. ఆయన కాదని ఎందుకు అనలేదో నాకు అర్థం కాలేదు. ఒళ్ళు మండింది.

"పిల్లకి దయ్యం పట్టింది, దర్గాకి తీసుకెళ్ళండి" అన్నాడు మామూ. "జీపు నేను పంపిస్తా. జూన్‌లో విచారణ అంటున్నారు, అక్కడికి మాత్రం తీసుకురావొద్దు. పదిమందిలో ఇట్టా అయిపోతే పెళ్ళి కావాల్సిన పిల్ల, పరువు పోద్ది."

"స్ప్రింగు పట్టేస్తే, తర్వాత మీరెట్లా తీశారు మామూ?" అని అడిగాను.

అమ్మీ నా తొడ మీద గట్టిగా గిల్లింది. మామూ నవ్వి, ఒక ఆపిల్ ముక్క కోసి నా చేతిలో పెట్టి, "దీన్ని లా చదివించండి" అన్నాడు. ఆ ముక్కను పెరట్లో మేకకు పెట్టాను. దానికి పగ లేదు కనుక తినేసింది.

దర్గాకు మామూ జీపులోనే వెళ్ళాం. దర్గా చూసుకునే ముజావరు బాగా పెద్దాయన. అమ్మీ ఏడుస్తూ చెప్పినదంతా విన్నాడు. నెమలీకల కట్ట పక్కన పెట్టి, ఆపాను కాకుండా నన్ను పిలిచాడు.

"ఎప్పుడెప్పుడు ఇట్లా అవుతుందమ్మా?"

అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను ఆలోచించి, "షట్టర్ దిగిన చప్పుడు వింటే" అన్నాను.

"జిన్ను షట్టర్ చూసుకుని రాదు తల్లీ. దువా నేను చేస్తాను, మీరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి."

తిరుగుప్రయాణంలో డ్రైవరుతో జీపు ఆసుపత్రికి పోనిమ్మన్నాను. హబీబ్ మామూ పెట్రోలు మీద డాక్టరు దగ్గరికి వెళ్ళడం నా మొదటి చిన్న కక్ష. ఆ రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

డాక్టరు జీవరత్నం గారి గదిలో ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి రావడం లేదు. ఆయన ఆపాతో ఒక్కదానితోనే చాలాసేపు మాట్లాడి, తర్వాత మమ్మల్ని లోపలికి పిలిచారు.

"పిచ్చి కాదమ్మా, గాలీ కాదు" అన్నారు అమ్మీతో. "ప్రాణం మీదికొచ్చినప్పుడు మనిషి తిరగబడతాడు, లేదంటే పారిపోతాడు. ఆ రెండూ కుదరని చోట ఇరుక్కుంటే మనసు ఏం చేస్తుందో తెలుసా? ఒంటిని అక్కడే వదిలేసి తనొక్కటే బయటపడుతుంది. నొప్పి తెలియదు, భయం తెలియదు, తనను తనే దూరం నుంచి చూస్తున్నట్టుంటుంది. ఆ రోజు మీ అమ్మాయిని కాపాడింది అదే. చిక్కేమిటంటే, మనసు ఆ దారి నేర్చేసుకుంది. ఇప్పుడు ప్రమాదం లేకపోయినా, ఆ చప్పుడు వినపడితే చాలు, వెళ్ళిపోతోంది."

"మరి ఆ రోజు ఏం జరిగిందో చెప్పదేంటండీ?" అన్నాను.

"చెప్పకపోవడం కాదు. అక్కడ పూర్తిగా లేని మనిషికి అంతా వరసగా ఎలా గుర్తుంటుంది? ముక్కలు ముక్కలుగా ఉంటుంది. తనకు భయం లేదనుకున్న రోజున తనే తీస్తుంది ఆ తలుపు. మీరు బద్దలు కొట్టకండి." నా ముఖంలో ఏం కనిపించిందో మరి, ఆ చివరి మాట నన్ను చూస్తూ అన్నారు. "తను అలా వెళ్ళినప్పుడు కుదపొద్దు, తిట్టొద్దు. పక్కన కూర్చుని, ఇవాళ ఏ రోజు, ఎక్కడున్నాం, ఎదురుగా ఏముంది, మెల్లగా చెప్తూ ఉండండి. ఆ గొంతు పట్టుకుని తిరిగొస్తుంది."

నెల రోజులు బుద్ధిగా అలాగే చేశాను. ఆపా, ఇవాళ మంగళవారం. మన వాకిట్లో ఉన్నాం. ఎదురుగా మేక ఉంది, నీ చెప్పు నములుతోంది. నిజంగానే త్వరగా వచ్చేది. ఒకసారి నవ్వుతూ వచ్చింది.

కానీ ప్రతి గురువారం సింధూరి తల్లి రావమ్మ వచ్చేది. పూలు కట్టి అమ్ముకునే మనిషి. ఖాళీ బుట్ట పక్కన పెట్టుకుని మా గడప మీద కూర్చునేది. ప్రతిసారీ ఒకటే మాట. "నా కూతురు ఆఖరికి ఏవందో చెప్పమ్మా. దాని గొంతు ఆఖరుసారి విన్నది నువ్వే." ఆపా ఆమెను చూస్తూ చూస్తూనే వెళ్ళిపోయేది. రావమ్మ కాసేపు కూర్చుని, బుట్ట ఎత్తుకుని పోయేది. హబీబ్ మామూ కొత్త స్కూటరు మీద అదే సందులో హారన్ కొట్టుకుంటూ తిరిగేవాడు.

విచారణ జూన్ రెండో వారమన్నారు. మే నెలాఖరు వచ్చేసింది. నాకు ఓపిక చచ్చిపోయింది. ఆపాకు గుర్తు రావాలి, మామూ పడిపోవాలి. ఆ రెంటికీ మధ్య ఆపా ఏమవుతుందన్నది నాకు పట్టలేదు. ఈ మాట ఇప్పుడు ఎంత సిగ్గుపడి రాసినా, అప్పుడు సిగ్గు లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, "అబ్బాకి అన్నం ఇచ్చొద్దాం రా" అని ఆపాను అబ్బా షెడ్డుకు తీసుకెళ్ళాను. అబ్బా మంగళగిరిలో పనికి వెళ్ళాడని నాకు తెలుసు. షెడ్డులో పాత స్ప్రింగులు, పట్టీలు, గ్రీజు డబ్బాలు ఉండేవి. ఆమె లోపలికి అడుగు పెట్టగానే షట్టర్ లాగేశాను. నేనూ లోపలే ఉన్నాను.

చీకటి. కింద సన్నటి వెలుతురు గీత. ఆపా అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చెయ్యి చాపి గోడ మీద స్విచ్చు కోసం తడిమింది. లైటు లేదు, అయినా ఆర్పినట్టు చేసింది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. దుమ్ముకు నాకు దగ్గు వచ్చింది. ఒక్కసారి దగ్గానో లేదో, ఆమె చెయ్యి వచ్చి నా నోరు, ముక్కు కలిపి మూసేసింది. అంత బలం ఆమెకు ఎక్కడిదో.

"శ్..." అంది చెవిలో. "దగ్గకు సింధూ. ఇన్‌స్పెక్టర్ ఇంకా సందులోనే ఉన్నాడు."

ఊపిరాడక గింజుకుంటున్న నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఏడాది కిందట ఆపా నవ్వుతూ చెప్పిన సంగతి. గోడౌన్‌కు పర్మిషన్ లేదు. తనిఖీకి లేబర్ ఇన్‌స్పెక్టర్ వస్తే మామూ షట్టర్ దించి, బయట తాళం వేసి, అది ఖాళీ గోడౌన్ అని చెప్పేవాడు. లోపల ముగ్గురూ లైటు ఆర్పి, చెప్పులు విప్పి, ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. మామూ మూడుసార్లు తట్టేదాకా కిక్కురుమనకూడదు. దానికి తెరేసమ్మ చీకటి పీరియడ్ అని పేరు పెట్టింది. సింధూరి ఆ పీరియడ్‌లో నవ్వు ఆపుకోలేక చచ్చేదట. అందరిలోకీ ఆపా సీనియర్. క్లాస్ లీడర్‌లాగా అందర్నీ ఊరుకోబెట్టే పని ఆమెది. నేను కూడా విని నవ్వాను.

ఎలాగో ఆమె చెయ్యి విడిపించుకుని షట్టర్ పైకి తోశాను. నాకు కావలసింది దొరికింది. ఆపా మాత్రం నాతో బయటికి రాలేదు. చెయ్యి పట్టుకుని నడిపిస్తే నడిచింది, అంతే. ఆ రోజంతా తిరిగి రాలేదు. మర్నాడూ రాలేదు. అన్నం పెడితే నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. ఇవాళ సోమవారం ఆపా, ఇదిగో మేక, అని గొంతు పోయేదాకా చెప్పాను. నా గొంతు పట్టుకుని రావడానికి ఇక ఆమెకు నమ్మకం ఎక్కడుంది?

అబ్బాకు అంతా చెప్పేశాను. కొడతాడనుకున్నాను. ఆయన గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు.

"లోపలి పిడి నేనే కోసేశాను" అన్నాడు.

"ఏ పిడి అబ్బా?"

"షట్టర్‌కి లోపలి నుంచి ఎత్తడానికి పిడి ఉంటది. రెండేళ్ళ కిందట హబీబ్ భాయ్ వచ్చి, అది తీసెయ్, లోపలి నుంచి ఎవరూ ఎత్తకూడదు అన్నాడు. ఎందుకని అడగలా. కటింగ్ మిషన్ పెట్టి కోసిచ్చా. స్ప్రింగు బాగానే ఉంది. నా స్ప్రింగు పట్టెయ్యదు. ఆ మాట అంటే పిడి సంగతీ చెప్పాలిగా."

అబ్బా నాలుగు నెలలుగా నేల ఎందుకు చూస్తున్నాడో ఇప్పుడు తెలిసింది. ఆయన మీదా కోపం వచ్చింది. ఆ ఇంట్లో నేను కోపం తెచ్చుకోని ప్రాణి ఆ మేక ఒక్కటే.

మూడో రోజు గురువారం కాదు. అయినా రావమ్మ వచ్చింది. ఆపాకు బాగోలేదని విని, నాలుగు మూరల మల్లెపూలు తెచ్చింది. వాటిని ఆపా ఒళ్ళో పెట్టి, ఈసారి ఏమీ అడగకుండా ఊరికే కూర్చుంది. చాలాసేపటి తర్వాత ఆపా వేళ్ళు కదిలాయి. పూలు పట్టుకుని వాసన చూసింది.

"సింధూ ఏమీ అన్లేదు రావమ్మా" అంది. "దగ్గింది. అంతే. మామూ, ఇన్‌స్పెక్టర్ షట్టర్‌కి అవతల నిలబడ్డారు. పాత అట్టపెట్టెలు తప్ప లోపలేం లేవు సార్ అని మామూ అంటున్నాడు. అప్పటికే మూల పొగ వస్తోంది. సింధూ దగ్గబోతే నేనే దాని నోరు మూశాను. ఈ చేత్తోనే. వాళ్ళు కూల్ డ్రింక్ తాగడానికి ముందు షాపుకెళ్ళారు. తర్వాతైనా మేం తట్టొచ్చు. నేను అప్పటికే అక్కడ లేను. పైనించి చూస్తున్నా. కింద ముగ్గురు కూర్చున్నారు, ఒకామె అచ్చం నాలాగే ఉంది. లేచి తట్టవే అని అరుస్తున్నా. ఆమెకి వినపడట్లేదు."

రావమ్మ ఏం చేస్తుందోనని దగ్గరికి జరిగాను. ఆమె ఆపా కుడి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అరచెయ్యి తిప్పి చూసింది. ఆమె ముఖంలో కండరం ఒకటి అదురుతూనే ఉంది.

"ఈ చెయ్యికి ఈ పని నేర్పింది ఎవడో, వాడి పేరు వాడి మొహం మీదే చెప్పు" అంది. "నీ మీద కోపం నేనెప్పుడన్నా తీరుబడిగా తెచ్చుకుంటా. ముందు వాడు."

విచారణాధికారి వెంకటప్పయ్య గారు జూన్ పదకొండున స్థలం చూడటానికి వచ్చారు. సందులో టీకొట్టు దగ్గర జనం మూగారు. మసి పట్టిన గోడౌన్ షట్టర్ సగానికి ఎత్తి ఉంది. మామూ ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. అబ్బాతో, నాతో వచ్చిన ఆపాను చూసి, "ఈ పిల్లకి ఆరోగ్యం బాగుండదండీ, ఎందుకు తీసుకొచ్చారో" అన్నాడు.

అధికారి కాగితం చూస్తూ, "షట్టర్ ఇరుక్కుందన్నారు. లోపలి నుంచి కొడితే బయటికి వినపడదా?" అని అడిగారు.

"ఎందుకు వినపడదండీ? సందంతా వినపడుద్ది. వాళ్ళు కొట్టలేదండీ. కొట్టుంటే నా చేతులు విరిగినా తీసేవాణ్ణి. పొగకి వెంటనే స్పృహ తప్పుంటారు, పాపం." తన నిజాయితీ తనకే నచ్చినట్టుంది, ఉత్సాహంగా ముందుకు వచ్చాడు. "కావాలంటే నేనే లోపలికెళ్ళి కొడతా, చూడండి."

వంగి లోపలికి వెళ్ళాడు. అబ్బా షట్టర్ లాగాడు. ధడధడమంటూ దిగింది. నేను ఆపా చెయ్యి పట్టుకున్నాను. చెమటతో జారిపోతోంది. ఇవాళ గురువారం ఆపా, అన్నాను మెల్లగా. "తెలుసు" అంది. నా చెయ్యి వదిలించుకుని ముందుకు వెళ్ళి, పక్కన తాళంచెవితో సహా వేలాడుతున్న తాళం గొళ్ళేనికి వేసి నొక్కింది.

"ఆ రోజు తాళం కూడా వేసి ఉంది సార్" అంది. తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుంది.

లోపల మామూ దబదబా బాదాడు. టీకొట్టు దగ్గరే కాదు, సందు మొదట్లో బండి లాగే మనిషి కూడా ఆగి చూశాడు. "వినపడిందాండీ? ఇంక తియ్యండి" అన్నాడు లోపలి నుంచి నవ్వుతూ.

"తియ్యమ్మా" అన్నారు వెంకటప్పయ్య గారు.

"కాసేపు ఆగండి సార్. మేము ఇరవై నిమిషాలు ఆగాం."

ఆయన ఆమెను చూశారు, వాచీ చూసుకున్నారు. రావమ్మ ఎదురు షాపు మెట్టు మీద కూర్చుంది, సినిమా చూడటానికి వచ్చిన మనిషి కూర్చున్నట్టు. జూన్ ఎండ షట్టర్ రేకు మీద నేరుగా పడుతోంది. లోపల ఇంకా ఆ పాత పొగ వాసన ఉందని నాకు తెలుసు.

మామూ మొదట హాస్యమాడాడు. తర్వాత కసిరాడు. తర్వాత, "లాల్ అహ్మద్! తియ్! ఊపిరాడట్లా!" అని కేకలు పెట్టాడు. అబ్బా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. రేకు మీద గుద్దులు పడుతుంటే నాకు గుండెల్లో చల్లగా ఉంది. ఇంకా కొట్టు, చేతులు విరిగేలా కొట్టు అనుకున్నాను. దాచుకునేదేముంది, ఆ సుఖం ఇప్పటికీ గుర్తుంది.

ఆపా మోకాళ్ళ మీద కూర్చుంది. షట్టర్ కింది అంచు దగ్గరికి వంగి, ఆయనకు కనపడకపోయినా, చూపుడువేలు పెదాల మీద పెట్టుకుంది.

"శ్... నోరెత్తకు మామూ" అంది. "ఇన్‌స్పెక్టర్ గారు ఇంకా సందులోనే ఉన్నారు. నేను మూడుసార్లు తట్టేదాకా చప్పుడు రాకూడదు."

లోపలి నుంచి రేకు మీద ఒక తన్ను పడింది. "నా మాటలు నాకే అప్పజెప్తావటే? పొగ లేనప్పుడు చెప్పిన మాటే అది! పొగొచ్చాక కూడా కూర్చోమన్నానా? తియ్యవే!"

ఆ తర్వాత లోపల అలికిడి ఆగిపోయింది. టీ గ్లాసులు కడిగేవాడు కూడా కుళాయి కట్టేశాడు.

ఆపా షట్టర్ మీద మూడుసార్లు తట్టింది. తాళం తీసింది. నా చేతిలో తాళంచెవి ఉంటే తీసేదాన్ని కాదు. అబ్బా షట్టర్ ఎత్తాడు. మామూ చేతులకు, తెల్లచొక్కాకు మసి అంటుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. మేకకు ఆపిల్ పెట్టిన రోజు నేను కోరుకున్నది అదే.

వెంకటప్పయ్య గారు కలం మూత తీసి, చాలా మామూలుగా అడిగారు. "ఏ ఇన్‌స్పెక్టరండీ?"

మామూ మసి చేతులతో ముఖం తుడుచుకుంటూ ఉండగానే అబ్బా ముందుకు వచ్చాడు. "లోపలి పిడి కోసింది నేనేనండీ, ఈయన చెబితే. నా పేరు కూడా రాసుకోండి."

తర్వాత సంగతులు కాగితాలకు సంబంధించినవి. ఫిబ్రవరిలో ఆ రోజున ఇన్‌స్పెక్టర్ వచ్చినట్టు, గోడౌన్ ఖాళీ అని యజమాని చెప్పినట్టు లేబర్ ఆఫీసు పుస్తకంలో రాసే ఉంది. అంతకుముందు ఎవరూ అడగలేదు. కేసు ఆరేళ్ళు నడిచింది. 2004లో మామూకు శిక్ష పడింది. నాకు చాలనంత చిన్న శిక్ష. అబ్బాను జడ్జిగారు మందలించి వదిలేశారు. ఆయన మాత్రం తనను తాను వదిలిపెట్టలేదు. విచారణ జరిగిన ఆ వానాకాలమంతా వన్ టౌన్‌లో షాపు షాపుకూ తిరిగి, వద్దన్నా వినకుండా, ప్రతి షట్టర్‌కూ లోపలివైపు పిడి బిగించాడు. మొదటిది తన షెడ్డుకే బిగించుకున్నాడు.

ఆ షెడ్డు దగ్గరికే ఆపా నన్ను తీసుకెళ్ళింది. గోడౌన్ దగ్గర మామూ ఏడ్చిన పదో రోజున, మధ్యాహ్నం.

"నన్ను లోపలేసి షట్టర్ దించింది మామూ ఒక్కడే కాదు జుబీ" అంది.

ఆ పది రోజులుగా ఆమె నాతో బాగానే మాట్లాడుతోంది. ఆ సంగతి మరిచిపోయిందనుకున్నాను. అది కూడా ముక్కల్లో కలిసిపోయి ఉంటుందని మనసులో ఎక్కడో సంతోషించాను కూడా.

"వెళ్ళు" అంది.

వెళ్ళాను. షట్టర్ దిగింది. గ్రీజు వాసన, ఇనుప వేడి, చీకటి. కింద వెలుతురు గీతలో ఆమె పాదాల నీడ కనిపిస్తోంది. నేను పిలవలేదు. తట్టలేదు. చెమట కళ్ళలోకి కారింది. దుమ్ముకు దగ్గు తన్నుకొచ్చింది. రెండు చేతులతో నా నోరు నేనే మూసుకున్నాను. పాదాల నీడ కదలడం లేదు. ఆమె బయట నిలబడి ఉందో, నిలబడే ఎటో వెళ్ళిపోయిందో తెలియలేదు. వెళ్ళిపోయి ఉంటే అది నా వల్లే. ఎంతసేపు గడిచిందో లెక్క తప్పిపోయింది. ఒక దశలో నా మోకాళ్ళు నావి కావేమో అనిపించింది.

"జుబీ" అంది బయటి నుంచి. గొంతు ఆమెదే. "ఇవాళ ఆదివారం. జూన్ ఇరవై ఒకటి. నువ్వు అబ్బా షెడ్డులో ఉన్నావు. ఇక్కడ బండి మీద రసాల మామిడిపళ్ళు అమ్ముతున్నారు. అమ్మే ఆయనకి ఎర్ర తువ్వాలు. తాళం వెయ్యలేదు. పిడి నీ కుడిచేతి పక్కన ఉంది, లేచి తీసుకో."

తడిమాను. కొత్త పిడి, ఇంకా రంగు వెయ్యనిది, అరచేతికి గరుకుగా తగిలింది. లాగాను. వెలుతురుకు కళ్ళు మూసుకుపోయాయి. తెరిచేసరికి ఆపా నా ఎదురుగా నిలబడి ఉంది. ఎటూ వెళ్ళలేదు.

"దగ్గొచ్చిందా?" అని అడిగింది.

"వచ్చింది."

"దగ్గాల్సింది" అంది.